మూడు వాషర్లకూ ఒకటే గాటు

పైపుల పనిలో నలభై ఏళ్ళు గడిపాను. ఊళ్ళకు నీళ్ళ ట్యాంకులు కట్టిన పనుల్లో ఉన్నాను. మూడంతస్తుల ఆసుపత్రికి పైపులు వేశాను. ఐ.టి.ఐ. ముగించి పనిలోకి వచ్చే కుర్రాళ్ళు నన్ను అడిగేది ఆ పెద్ద పనుల గురించే. వాటిలో నేను నేర్చుకున్నది తక్కువ. నాకు పని నేర్పింది సాలూరులో కారిన ఒక కుళాయి. అందుకే ఆ కుళాయి సంగతే రాస్తున్నాను. ఇందులో నా తప్పు ఉంది. దాన్ని దాచి రాస్తే చదివినవాళ్ళకు ఏ ఉపయోగమూ ఉండదు.

లైను ఇళ్ళు

అరవైల చివర్లో మాట. సాలూరు అప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. విజయనగరంలో ఒక పైపుల కాంట్రాక్టరు దగ్గర నేను ఫిట్టరుగా చేరి ఆరు నెలలైంది. వయసు ఇరవై రెండు. చేతిలో సర్టిఫికెట్టు, సంచిలో కొత్త స్పానర్లు, తలలో అవసరానికి మించిన గర్వం.

సాలూరులో ఒక లారీల యజమాని తన డ్రైవర్ల కుటుంబాల కోసం వరసగా ఇరవై నాలుగు ఇళ్ళు కట్టించాడు. వాటిని అందరూ లైను ఇళ్ళు అనేవారు. వరస మొదట్లో బావి, బావి పక్కన ట్యాంకు. పొద్దున్న ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి మోటారు వేసి ట్యాంకు నింపేవారు. ఇంటింటికీ ఒక ఇత్తడి కుళాయి. ఇంట్లో కుళాయి ఉండటమంటే ఆ రోజుల్లో చుట్టాలు వచ్చి తిప్పి చూసి వెళ్ళేంత గొప్ప. ఆ పైపుల మరమ్మతులు చూసే పని మా కాంట్రాక్టరుది. దాలినాయుడు మేస్త్రినీ నన్నూ ఆ ఎండాకాలం అక్కడ ఉంచాడు.

ఆ బావి నీళ్ళు చూడ్డానికి అద్దంలా ఉండేవి. పప్పు మాత్రం ఉడికేది కాదు. సబ్బు ఎంత రుద్దినా నురగ వచ్చేది కాదు. కాచిన గిన్నె అడుగున తెల్లగా సున్నంలా పేరుకునేది. ఇలాంటి నీళ్ళు పైపులోనూ అదే పని చేస్తాయని నేను చదువుకున్నాను. చదివింది పరీక్షలో రాశాను కూడా. చేతిలో కుళాయి పట్టుకున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

మూడు వాషర్లు

తొమ్మిదో నంబరు ఇల్లు గౌరమ్మది. ముప్పై ఏళ్ళుంటాయి. భర్త లారీ తీసుకుని రాయపూరు వైపు వెళితే మళ్ళీ ఇరవై రోజులకు గాని వచ్చేవాడు కాదు. ఇంట్లో మంచం మీద పక్షవాతంతో అత్తగారు. ఆవిడ బట్టలు, పక్కగుడ్డలు రోజుకు మూడుసార్లు ఉతకాలి. బావి దగ్గరికి పోయి తోడుకోవాలంటే అంతసేపూ ఆవిడను ఒంటరిగా వదలాలి. అందువల్ల ఆ కుళాయి మీదే ఆ ఇల్లు నడిచేది.

ఆ కుళాయి కారడం మొదలుపెట్టింది. నేను వెళ్ళాను. ఇంటికి నీళ్ళు ఆపే గేటు వాల్వు కట్టేసి, కుళాయి తల విప్పి, లోపలి తోలు వాషరు తీసి కొత్తది వేశాను. కాసేపట్లో పని అయిపోయింది. నాలుగో రోజు మళ్ళీ కారింది. మళ్ళీ మార్చాను. ఈసారి మూడు రోజులే ఆగింది. మూడో వాషరు రెండో నాటికే తెగింది. అప్పటికి చుక్కలు కాదు, కట్టేసినా దారంలా ధార వస్తూనే ఉంది.

అది మండుటెండల కాలం. బావిలో ఊట తగ్గింది. ట్యాంకు సగమే నిండేది. తొమ్మిదో ఇంట్లో పగలూ రాత్రీ ధార కడుతుంటే చివరనున్న ఇరవై నాలుగో ఇంటికి తెల్లారేసరికి చుక్క అందేది కాదు. ఆ ఇంట్లో ఉండేది నూకాలమ్మ. నలుగురు పిల్లల తల్లి, నోరు గట్టిది. ఆవిడ తొమ్మిదో ఇంటి ముందు నిలబడి గట్టిగా అరిచింది.

"నీ ఒక్కదాని ఇంటికేనేటే కుళాయి? మా గుంటలు మూతి కడుక్కోవద్దా?"

గౌరమ్మ, కారిన నీళ్ళు వృథా కాకుండా బకెట్టు పెట్టి, నిండినదాన్ని మోసుకెళ్ళి నూకాలమ్మ గుమ్మంలో పెట్టింది. నూకాలమ్మ ఆ బకెట్టును ముట్టలేదు. సాయంత్రం గౌరమ్మే వెనక్కి తెచ్చుకుంది.

నేను మళ్ళీ వెళ్ళినప్పుడు అక్కడ నలుగురైదుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. నా పని నిలవడం లేదని వాళ్ళ ముందు తెలిసిపోతోంది. ఆ చిన్నతనం భరించలేక గౌరమ్మ మీద పడ్డాను.

"ఇలా రెండు చేతుల్తో బిగిస్తే ఏ వాషరైనా తెగిపోద్ది. కుళాయి వాడ్డం రాకపోతే నేనేటి సేస్తాను?" అన్నాను.

అంతటితో ఆగలేదు. లైను ఇళ్ళ వ్యవహారాలు చూసే మేనేజరు దగ్గరుండే ఫిర్యాదుల పుస్తకంలో ఇలా రాశాను: "తొమ్మిదో నంబరు ఇంటివారు కుళాయిని మొరటుగా తిప్పుచున్నారు. వాషర్లు తెగుటకు అదియే కారణము."

నా జీవితంలో నేను రాసిన వాక్యాల్లో ఇంతకన్నా చెడ్డది లేదు. నేను అబద్ధం అనుకుని రాయలేదు. అదే ఇంకా చెడ్డ సంగతి. నాకు కారణం తెలియలేదు. తెలియదని ఒప్పుకోవడం కన్నా ఎదుటి మనిషిని తప్పుపట్టడం తేలిగ్గా అనిపించింది.

ఆ పుస్తకం చదివి మేనేజరు హుకుం ఇచ్చాడు: తొమ్మిదో ఇంటి కుళాయి విప్పేసి పైపుకు బిరడా బిగించండి. బిరడా అంటే మరలున్న ఇనప మూత. అది బిగిస్తే ఆ ఇంటికి నీళ్ళు లేనట్టే.

దాలినాయుడు మేస్త్రి

మేస్త్రి ఆ పది రోజులూ ఊళ్ళో లేడు. సొంత పని మీద నెల్లిమర్ల వెళ్ళి ఆ రోజే వచ్చాడు. యాభై దాటిన మనిషి, మావా అని పిలిచేవాణ్ణి. బడికి వెళ్ళలేదు. సంతకం మాత్రం చేసేవాడు. నేను లోలోపల ఆయన్ని కొంచెం తక్కువగా చూసేవాణ్ణని ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

మేనేజరు హుకుం చెప్పాను. ఆయన వెంటనే లేవలేదు. "కుళాయి లోపల ఏలెట్టి సూసినావేట్రా?" అని అడిగాడు.

"వాషరు మార్చాను మావా. మూడుసార్లు."

"నేనడిగింది వాషరు కాదు. అది కూకునే సోటు."

చూడలేదు. ఆ మాటే చెప్పాను. ఆయన సంచి భుజాన వేసుకుని నడిచాడు.

మమ్మల్ని చూడగానే గౌరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. బిరడా వార్త అప్పటికే లైనంతా తెలిసిపోయింది.

"కుళాయి ఇప్పీడానికొచ్చినావా బాబూ? మా అత్తని ఏ ఏట్లో పడీమంటావు?" అని మేస్త్రిని అడిగింది. ఏడవలేదు. గుమ్మం మాత్రం వదల్లేదు.

"సూడ్డానికొచ్చినాను సెల్లీ. ఇప్పీడానికైతే ఈడొక్కడే సాలు," అన్నాడాయన నన్ను చూపిస్తూ.

ఆవిడ కొంచెంసేపు ఆయన ముఖంలోకి చూసి, లోపలికి వెళ్ళి చిన్న పౌడరు డబ్బా తెచ్చింది. మూత తీసి అరచేతిలో ఒంపింది. నేను తీసి పారేసిన మూడు పాత వాషర్లు.

"ఇయ్యి సూడు. ఈ బాబు పారేస్తే నాను ఏరి ఉంచినాను. మూడింటికీ ఒకటే గాటు. ఒకటే కొలత. నాను బిగించబట్టి తెగితే ఒకోటి ఒకోనాగ తెగాల కదా? ఎలక కొరికినట్టు మూడూ ఒక్కనాగే ఎందుకు తెగినాయి? కొరికేది ఏటో లోపలే ఉన్నాది."

దాలినాయుడు మావ ఆ మూడింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చాడు. గాట్లు కలిసేలా తిప్పాడు. మూడూ ఒకే ముక్కలా కనిపించాయి.

"ఈ మాట ఈడికి సెప్పలేదేటి సెల్లీ?"

"సెప్పబోతే ఇన్నాడా?"

నిజమే. రెండోసారి వెళ్ళినప్పుడు ఆవిడ ఏదో చెప్పబోయింది. "నాకు తెలుసులే అమ్మా" అని నేను సంచి సర్దుకున్నాను.

చింతపండు

కుళాయిని మొత్తంగా విప్పి బయటికి తీశాం. వరసలో మిగతా ఇళ్ళకు నీళ్ళు ఆగకుండా పైపు చివర బిరడా బిగించమన్నాడు మేస్త్రి. నేను బిగిస్తుంటే గౌరమ్మ ముఖం పాలిపోయింది.

"ఇది పని అయ్యేవరకే సెల్లీ. నా సేత్తో పెట్టించినాను, నా సేత్తోనే తీయిస్తాను," అన్నాడాయన. ఆవిడ నమ్మిందో లేదో తెలియదు. కాని పక్కకు తప్పుకుంది.

అప్పుడు నా వేలు పట్టి కుళాయి లోపల పెట్టించాడు. వాషరు కూర్చునే ఇత్తడి అంచును మేం సీటు అంటాం. అది నున్నగా ఉండాలి. నా వేలికి గరుకు రాయి తగిలింది. ఒకచోట చిన్న కొనలా పొడుచుకొచ్చింది. బావి నీళ్ళలోని సున్నం పేరుకుని రాయి అయింది. కొత్త తోలు వేసినప్పుడల్లా ఆ కొన దాన్ని కొరుకుతోంది. నీళ్ళు ఆగడం లేదని గౌరమ్మ ఇంకొంచెం బిగిస్తోంది. బిగించిన కొద్దీ తోలు ఇంకా తెగుతోంది. ఆవిడ బిగించడం వల్ల కుళాయి కారలేదు. కుళాయి కారడం వల్ల ఆవిడ బిగించింది.

నేను ఉలి తీశాను. మేస్త్రి నా చేతి మీద కొట్టాడు.

"ఇత్తడి మెత్తన. ఉలెడితే సీటు సస్తాది. సెల్లీ, గుప్పెడు సింతపండు ఉన్నాదా?"

పాత మట్టిదాకలో చింతపండు రసం కాచి కుళాయిని అందులో వేశాం. కాసేపటికి సన్నగా బుడగలు లేచాయి. ఇత్తడి బిందెలు తోమే ఏ ఇల్లాలికైనా తెలిసిన పనే అది. గౌరమ్మ పొయ్యి ఆరకుండా చూస్తూ, మధ్యమధ్య లోపలికి వెళ్ళి అత్తను పక్కకు తిప్పి పడుకోబెట్టి వచ్చేది. రెండు గంటలు పోయాక వెదురు పుల్లతో గీకితే ఆ రాయి తడిసిన బెల్లంలా ఊడి వచ్చింది.

పని అయిపోయిందనుకున్నాను. మేస్త్రి కుళాయిని వెలుతురుకు పట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. రాయి కింద ఇత్తడి మీద వెంట్రుకంత గీత ఉంది. ఇన్నాళ్ళూ సన్నగా జారిన నీరు ఆ అంచును కోసేసింది. ఎంత మంచి తోలు వేసినా ఆ గీతలోంచి నీరు వస్తుంది. కొత్త కుళాయి కావాలంటే విజయనగరం నుంచి రావాలి.

సరిగ్గా అప్పుడే మేనేజరు వచ్చాడు.

మేనేజరు ముందు

ఆయన చెడ్డవాడు కాదు. గోదావరి జిల్లా మనిషి. ఇరవై నాలుగు ఇళ్ళ తగాదాలూ ఆయన గుమ్మంలోనే తేలాలి. వెనకాలే నూకాలమ్మ, మరి కొందరు ఆడవాళ్ళు వచ్చారు. ఆయన చంకలో ఫిర్యాదుల పుస్తకం ఉంది.

"బిరడా పెట్టేశారు కదా, ఇంకా ఏమిటి చేస్తున్నారు? ఇంటివాళ్ళు మొరటుగా వాడుతున్నారని మీ ఫిట్టరే రాశాడు. మళ్ళీ బిగిస్తే మళ్ళీ పాడుచేస్తారు," అంటూ ఆ వాక్యం పైకి చదివాడు.

గౌరమ్మ నా వైపు చూసింది. అలా రాశానని ఆవిడకు అప్పుడే తెలిసింది. మేస్త్రికి కూడా అప్పుడే తెలిసింది. ఆయన నా తరఫున మాట్లాడతాడేమోనని ఎదురు చూశాను. ఆయన కుళాయిని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు.

నా ఉద్యోగం రోజు కూలీ మీద. మేనేజరు ఒక్క ముక్క కబురు పెడితే కాంట్రాక్టరు నన్ను ఇంటికి పంపిస్తాడు.

"అది తప్పండి. సీటు చూడకుండా వాషరు మార్చాను. మూడుసార్లూ అదే చేశాను. ఈవిడ తప్పు లేదు. తెలియక నేనే రాశాను," అన్నాను.

మేనేజరు నన్నూ, మేస్త్రినీ మార్చి మార్చి చూశాడు. "నాలుగింటికి మోటారు వేస్తాను. అప్పటికి బాగుచేసి బిగించండి. ఒక్క చుక్క కారినా బిరడాయే," అని అక్కడే అరుగు మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం రెండు దాటింది. మేస్త్రి గీతను గోటితో తడుముతూ కూర్చున్నాడు. గౌరమ్మ దగ్గరికొచ్చి వంగి చూసింది.

"ఇందులో తోలు ఆ అంచు మీద కూకోవాల, అంతేనా?"

"అంతే సెల్లీ."

"మా ఆయన లారీ ఇంజన్లో వాల్వు కూకోకపోతే, షెడ్డులో ఏదో పేస్టు రాసి, కర్రెట్టి రుద్దుతారు. సూసినాను నాను. దీన్నీ అలగే రుద్దరాదేటి?"

దాలినాయుడు మావ తల ఎత్తి ఆవిడను చూసిన చూపు నాకిప్పటికీ కళ్ళ ముందుంది. ఒక పనివాడు తనకన్నా మంచి పనివాణ్ణి చూసినప్పుడు చూసే చూపు అది.

"ఒరే పైడిరాజూ, సైకిలెక్కు," అన్నాడు నాతో.

సాలూరులో లారీ షెడ్డులకు కరువా? మొదటి షెడ్డులోనే మెకానిక్కు డబ్బా మూతలో ఇసకలా గరుకైన పేస్టు ఇంత వేసి ఇచ్చాడు. కుళాయికి అని చెబితే పగలబడి నవ్వాడు. నేను తిరిగొచ్చేసరికి మేస్త్రి ఒక విరిగిన కవ్వం కర్ర చివరను సమంగా కోసి, దానికి తోలు బిళ్ళ అంటించి ఉంచాడు. తోలు మీద పేస్టు రాసి, కర్రను కుళాయిలో నిలబెట్టి, రెండు అరచేతుల మధ్య అటూ ఇటూ తిప్పాలి. నేను తిప్పితే కర్ర ఊగింది. ఊగితే అంచు వంకరగా అరుగుతుంది.

"ఇలా తే," అంది గౌరమ్మ. మజ్జిగ చిలికిన చేతులవి. కర్ర నిట్టనిలువుగా నిలిచి తిరిగింది. మేస్త్రి మధ్యమధ్య ఆపి, తుడిచి, చూసి, మళ్ళీ పేస్టు రాశాడు. ఇద్దరూ మాటలు తగ్గించి పని చేస్తుంటే నేను పక్కన కూర్చుని చూశాను. పని నేర్చుకోవడం నాకు ఆ మధ్యాహ్నం మొదలైంది.

గీత పోయింది. సీటును కిరసనాయిలుతో కడిగి, ఆముదంలో నానిన కొత్త తోలు వేశాం. మరలకు జనపనార చుట్టి, బిరడా విప్పి, కుళాయి బిగించాం. నాలుగింటికి మోటారు వేశారు. ట్యాంకులో నీళ్ళు ఎక్కాయి. పైపులో గాలి బుసకొట్టింది, ఆపైన నీళ్ళు దూకాయి.

"కట్టు సెల్లీ," అన్నాడు మేస్త్రి.

ఆవిడ అలవాటుగా కొంగు చుట్టి రెండు చేతులూ వేసింది.

"వద్దు. రెండేళ్ళతో తిప్పితే సాలు."

రెండు వేళ్ళతో తిప్పింది. ధార తెగింది. అందరం కుళాయి మూతిని చూస్తూ నిలబడ్డాం. చివర ఒక చుక్క వేలాడింది, పడింది. తరవాత ఇంకేమీ రాలేదు. లోపల మంచం మీదనుంచి అత్తగారు మాట కూడదీసుకుని, "సప్పుడాగిపోనాదేటే?" అని అడిగింది. అన్ని రోజులుగా ఆ చప్పుడు ఆవిడ తల దగ్గరే వినిపిస్తోందని మాకు అప్పటిదాకా తోచనేలేదు.

మేనేజరు లేచి, మిగతా కుళాయిలన్నీ ఇదే పద్ధతిలో విప్పి చూడమన్నాడు. తరవాతి నెలంతా మేం చేసింది ఆ పనే. ఇలాంటి సున్నపు నీళ్ళ ఊళ్ళలో పనిచేసే కుర్రాళ్ళకు నేను చెప్పేదీ అదే. వాషరు మార్చేముందు సీటు తడమండి. సున్నం కడితే పులుపుతో నానబెట్టండి. ఉలి దూరంగా ఉంచండి. అన్నిటికన్నా ముందు, ఆ కుళాయిని రోజూ తిప్పే మనిషిని ఏం గమనించారో అడగండి. అడిగి, వినండి.

తలుపులు

ఆ సాయంత్రం దాలినాయుడు మావ నన్ను తిట్టలేదు. టీ తాగుతూ ఒక్కటే అడిగాడు. "మేనేజరుకి సెప్పినావు, బాగుంది. లైనులో ఆడోల్ల ముందు అన్న మాటో? అది ఎవులు తుడుస్తారు?"

మర్నాడు పొద్దున్న ఒక్కణ్ణే గౌరమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ అత్తకు గంజి తాగిస్తోంది.

"కుళాయి బాగానే ఉన్నాది. మల్లెందుకొచ్చినావు బాబూ?"

"తప్పైపోయిందని చెప్పడానికొచ్చాను అక్కా."

ఆవిడ గిన్నె కింద పెట్టి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

"నాకు సెప్తే ఏటి లాభం? నా తప్పు లేదని నాకు ముందే తెలుసు. నీ మాట ఇన్నోల్లకి సెప్పు. రా."

ఆవిడ ముందు, నేను వెనక. మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాం. తలుపు తీసిన ప్రతి మనిషికీ, కుళాయిలో లోపం నేను చూడలేదని, గౌరమ్మను ఊరికే తప్పుపట్టానని చెప్పాను. కొందరు నవ్వారు. ఒకావిడ మజ్జిగ ఇచ్చింది. ఒక ముసలాయన అర్థం కాక మళ్ళీ చెప్పించుకున్నాడు. మొదట్లో ఒక్కో తలుపూ కొండంత బరువుగా ఉంది. సగం ఇళ్ళు దాటాక మాట తడబడటం మానేసింది.

ఇరవై నాలుగో ఇంటి ముందు నూకాలమ్మ నిలబడే ఉంది. మేం వస్తున్న సంగతి అప్పటికే ఆవిడకు చేరిపోయింది. వెనకాల కుళాయి కింద బిందె నిండి పొర్లుతోంది. నేను నోరు తెరిచి నా మాట చెప్పాను. ఆవిడ నన్ను చూడలేదు. గౌరమ్మనే చూస్తోంది.

"నాను కూడా ఊరికే అన్నానే వదినా," అంది.

"నీ గుంటలకి నీల్లందలేదు. నువ్వనక ఎవులంటారు?" అంది గౌరమ్మ.

నూకాలమ్మ వెనక్కి తిరిగి కుళాయి కట్టేసింది. గౌరమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. నన్నెవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. లోపలినుంచి ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడుతూ వినిపిస్తున్నాయి. కాసేపు అక్కడే నిలబడి విన్నాను. తరవాత పదో నంబరు కుళాయి విప్పడానికి వెళ్ళిపోయాను.